నీటిని నిలుపు నేర్పు

గిద్దలూరు, కంభము, మార్కాపురము ప్రాంతములలో పుట్టినవారికి నీటి విలువ మరియొకరు చెప్పనక్కరలేదు. పడమట నల్లమల, తూర్పున వెలిగొండలు, నడుమ పలకరాయి పరచుకొన్న మెట్టనేలలు. వాన పడెనా, ఒక్క రాత్రిలో వాగులు దాటరానివగును. పడదా, రెండు మూడేండ్లు వరుసగా చెరువుల అడుగులు నెర్రెలు విచ్చి వెలవెలబోవును. ఈ రెంటి నడుమ మా తరమువారికి ఈత నేర్పినది మోటబావి.

నడుమునకు మునగబెండ్లు కట్టి పెద్దవారు మమ్ము బావిలోనికి త్రోసెడివారు. దినమునకొక బెండు విప్పుచు వచ్చెడివారు. చివరి బెండు విప్పిననాడు ఈత వచ్చినట్లు లెక్క. ఆ బావియే మాకు ఆటస్థలము, ఆ బావియే మా పైరునకు ప్రాణము. ఇప్పుడు పట్టణములందు సిమెంటుతో కట్టి, నీలిరంగు పలకలు తాపించిన ఈతకొలనులు వచ్చినవి. సెలవులలో మీలో కొందరు వాటిని చూచియే యుందురు. ఒంగోలులోనో, హైదరాబాదులోనో అట్టి కొలను గట్టుపై నిలుచున్నప్పుడు ఇది ఎండకును వానకును ఎట్లు తాళుచున్నదని ఎన్నడైన ఆలోచించితిరా? నాకా ఆలోచన పండ్రెండవ ఏటనే కలిగినది. కలిగించినది మా పెదనాయనగారి బావి.

అప్పుడు నేను ఏడవ తరగతి చదువుచుంటిని. రెండేండ్లుగా వానలు లేవు. బావిలో మోకాలిబంటి నీరు మాత్రమే మిగిలెను. మేము మెట్లు దిగి ఆ నీటిలో చేపపిల్లలవలె కొట్టుకొనుచుంటిమి. ఆశ్వయుజ మాసమున ఒకనాటి రాత్రి కుండపోతగా వాన కురిసెను. బావి నిండియుండునని ఆశపడి తెల్లవారకముందే నలుగురైదుగురము పరుగెత్తితిమి. చూచునప్పటికి మోట తోలెడు వైపు రాతికట్టడమంతయు బావిలోనికి ఒరిగి పడియుండెను. దానితోపాటు కప్పీ దిగవేసిన దూలములును, వెనుకనున్న బండెడు మన్నును లోపలికి జారినవి. ముందటి దినము సాయంకాలము మేము కూర్చున్న మెట్టు కానరాలేదు. నీరు నడుముబంటియైనను లేదు.

నాకు కలిగిన సందేహమిది. బావి అంచులదాక నిండియున్న యేండ్లలో చెక్కుచెదరని గోడ, బావి వట్టిపోయిన యేట ఏల కూలెను? నిండు నీటి బరువును మోసిన గోడ ఖాళీగా నిలువలేదా? తిరిగి కట్టుటకు వచ్చిన వడ్డె మేస్త్రి నా సందేహమును విని నవ్వి, "లోన నీళ్లుంటే గోడకు ఆనిక, నాయనా. ఈడ లోన నీళ్లు లేవు. బయట మన్నేమో వాననీళ్లు తాగి బరువెక్కింది. ఆనిక లేని గోడను తోస్తే పడకుండా ఎట్లుంటాది?" అనెను. ఆయన బడిలో చదువుకొన్నవాడు కాడు. తరువాత పై తరగతులలో నేను చదివిన ద్రవపీడన సూత్రములు ఆ మాటకంటె నాకు ఎక్కువ చెప్పలేదు.

క్రొత్త గోడను కట్టునప్పుడు ఆయన మూరకొకటి చొప్పున రాళ్ల నడుమ చేయి పట్టునంత సందు విడిచెను. పనితనము చాలక విడిచెనని తలచి మేము ఆ సందులను బంకమట్టితో పూడ్చితిమి. మరునాడు మాకు చీవాట్లు తప్పలేదు. ఆ సందులగుండ మన్నులోని నీరు బావిలోనికి ఊరి దిగును, గోడను త్రోయు బరువు తగ్గును.

ఇక సిమెంటు ఈతకొలను సంగతి చూతము. 25 మీటర్ల పొడవు, 12.5 మీటర్ల వెడల్పు, సగటున ఒకటిన్నర మీటరు లోతు గల కొలను ననుకొనుడు. దాని వైశాల్యము 312.5 చదరపు మీటర్లు. దానిలో పట్టు నీరు 468 ఘనపు మీటర్ల పైచిలుకు. ఘనపు మీటరు నీరు ఒక టన్ను తూగును. అనగా నిండినప్పుడు ఆ నేలపై దాదాపు 469 టన్నుల బరువు పడును. ఇంత బరువును మోయుటయే కొలనుకు కష్టమని మనము తలంతుము. క్రింద నేల గట్టిదైనచో అది అంత కష్టము కాదు. కష్టము వేరొకచోట నున్నది.

వానకాలమున భూగర్భజలము పైకి ఉబుకును. కొలను అడుగుకంటె ఒక మీటరు పైదాక అది వచ్చినదనుకొనుడు. అప్పుడా నీరు కొలను అడుగును పైకి త్రోయును. ఎంత బలముతో? ప్రతి చదరపు మీటరునకు ఒక టన్ను చొప్పున, మొత్తము 312 టన్నులకు మించిన బలముతో. ఇరువది సెంటీమీటర్ల మందము గల కాంక్రీటు అడుగు 150 టన్నులు తూగును. అంతే మందము గల నాలుగు గోడలును కలిపి 54 టన్నులు. ఈ రెండును కూడి 204 టన్నులు మాత్రమే. కొలను నిండియున్నచో లోపలి నీరు బరువుగా నిలిచి, ఈ త్రోపును అణచివేయును. శుభ్రము చేయుటకని సరిగా ఆ సమయముననే నీటిని తోడివేసినచో, పడవ తేలినట్లు కొలను మొత్తము నేలనుండి పైకి లేచును, లేదా అడుగు నడుమ చీలును. కట్టడము నేలనుండి లేచుట అనగా మీకు నవ్వు రావచ్చును గాని, ఇది ఇంజనీర్లు నిజముగా భయపడు సంగతి. మా పెదనాయనగారి బావి గోడను పడగొట్టిన శత్రువే ఇక్కడ నేలక్రిందినుండి వచ్చినది.

దీనికి ఉపాయములు లేకపోలేదు. కొలను అడుగున ముందుగా కంకర పరచి, దానిలో చిల్లులు గల గొట్టములు వేసి, ఊరిన నీటిని ప్రక్కనున్న గుంతకు చేర్చి తోడివేయుదురు. అడుగునందే ఒక చిన్న తలుపు అమర్చుదురు. పైనుండి నీరు నొక్కినంతకాలము అది మూసికొని యుండును. క్రిందినుండి త్రోపు హెచ్చినప్పుడు తానే తెరచుకొని ఆ నీటిని కొలనులోనికి రానిచ్చును. బురదనీరు కొలనులో చేరినదే యని యజమాని విచారించవచ్చును; కొలను పగిలినచో అంతకంటె ఎక్కువ విచారింపవలసివచ్చును. ఇవేవియు లేనిచోట ఒక్కటే ఉపాయము: వానకాలమున కొలనును ఖాళీ చేయకుండుట.

ఎండ చేయు కీడు వేరు రకము. వేడికి కాంక్రీటు సాగును. డిగ్రీకి సుమారు లక్షలో ఒక వంతు చొప్పున సాగునని లెక్క. చూడ నత్యల్పము. కాని 25 మీటర్ల గోడ ఖాళీగా ఎండకు కాగి 20 డిగ్రీలు వేడెక్కినచో 5 మిల్లీమీటర్లు పెరుగును. పెరుగుటకు చోటు లేనిచో పగులును. అందువలన గోడలను ఒకే ముక్కగా గాక నడుమ సందులు విడిచి కట్టి, ఆ సందులలో నీరు కారకుండ రబ్బరు పట్టీలు అమర్చుదురు. నల్లరేగడి నేలలలో ఇంకొక చిక్కు. ఆ మన్ను తడిసినప్పుడు ఉబ్బును, ఎండినప్పుడు ముడుచుకొనును. దానిపై కట్టిన గోడ ఏటేట లేచుచు దిగుచు నుండును. అందుచే ఆ మన్నును తగినంత లోతువరకు తీసివేసి మొరము నింపి దట్టించి గాని పని మొదలుపెట్టరు.

ఎండకు ఆవిరియగు నీటికి మాత్రము ఏ ఉపాయమును చాలదు. దినమునకు ఒక సెంటీమీటరు తరిగినచో ఈ కొలనులో 3,125 లీటర్లు పోయినట్లు. మన పల్లెలలో అది ఎన్ని కుటుంబముల నీరో మీరే లెక్కవేయుడు. రాత్రులందు కొలనుపై గుడ్డ కప్పుట, గాలికి అడ్డముగా చెట్లు నాటుట కొంత మేలు. ఇటీవల పట్టణములలో మేడల పైకప్పులమీద కూడ ఈతకొలనులు కట్టుచున్నారు. చదరపు మీటరునకు ఒకటిన్నర టన్నుల నీటిని తలపై మోయించుచు, దానినే గాలికిని ఎండకును ఎత్తి చూపుట నాకంతగా నచ్చదు. కట్టువారు లెక్కలు వేసియే కట్టుదురు. అయినను నా అభిప్రాయము నాది.

స్నానమునకై కట్టిన కొలను క్రొత్తది కాదు. సింధునది లోయలోని మొహెంజొదారోలో సుమారు 4,500 ఏండ్లనాటి స్నానవాటిక బయల్పడినది. పొడవు దాదాపు 12 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు, లోతు 2.4 మీటర్లు. ఇటుకలను ఒకదానికొకటి ఆనించి పేర్చి, వెనుకవైపున నీరు దిగకుండ తారు పూసిరి. నాకు దానిలో అన్నిటికంటె ముచ్చట గొలుపునది ఒక మూలనున్న రంధ్రము. అక్కడనుండి వాడిన నీరు, మనిషి నిలువెత్తు గల కప్పు కాలువలోనికి పోవును. నీటిని నింపుటకు ముందే, దానిని పంపుటకు ఆ మేస్త్రీలు దారి ఏర్పరచిరి.

ఇప్పుడు చిన్న కొలనును విడిచి పెద్దదానికడకు పోదము. ఈతకొలనును కట్టువాడు ఒక మీటరు భూగర్భజలమునకు జంకినచో, ఒక నదినే నిలుపదలచినవాడు ఎంత జంకవలెను? అట్టి సాహసము మన కండ్లయెదుటనే యున్నది. అదియే కంభము చెరువు.

గుండ్లకమ్మ నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరముకడ పుట్టి, కొండలు దిగి, కంభమునకు సమీపమున రెండు కొండల నడుమ ఇరుకైన సందుగుండ పోవును. జంపలేరును ఈ చెరువులోనే కలియును. ఆ ఇరుకు సందునకు అడ్డముగా కట్ట వేసిరి. విజయనగర రాజవంశమునకు చెందిన వరదరాజమ్మ దీనిని కట్టించెనని ఈ ప్రాంతమున చెప్పుకొందురు. ఆమెను రుచిదేవి యనియు పిలుతురు. కట్ట ఎత్తు 57 అడుగులు. నిండినప్పుడు చెరువు సుమారు 7 కిలోమీటర్ల పొడవు, మూడున్నర కిలోమీటర్ల వెడల్పున పరచుకొనును. ప్రపంచమునందలి ప్రాచీన జలకట్టడములను గుర్తించు అంతర్జాతీయ సంస్థ 2020లో దీనిని వారసత్వ నీటిపారుదల కట్టడముగా గుర్తించినది.

ఈ చెరువునకు నీరు వచ్చు పరీవాహక ప్రదేశము 430 చదరపు మైళ్లు. ఇది పెద్ద సంఖ్య. ఎంత పెద్దదో చూడుడు. అంత నేలమీద కురిసిన వానలో ఒక్క సెంటీమీటరు మాత్రము పారి చెరువున చేరినదనుకొన్నచో, అది కోటి పదునొకండు లక్షల ఘనపు మీటర్ల నీరు. మనము లెక్కించిన ఈతకొలనులను ఇరువదిమూడువేలకు పైగా నింపవచ్చును. తుపాను దినమున ఒక సెంటీమీటరుతో పోవునా?

ఇంత నీటిని మట్టికట్ట ఎట్లు ఆపును? లోతు పెరిగినకొలది నీటి ఒత్తిడి పెరుగును. 57 అడుగుల లోతున ప్రతి చదరపు మీటరుపై 17 టన్నులకు మించిన ఒత్తిడి యుండును. అందుకే చెరువుకట్టలు పైన బండి పట్టునంత వెడల్పుతో నుండి, క్రిందికి పోనుపోను విశాలమై కొండవలె కూర్చుండును. నీటివైపున రాళ్లు పేర్చుదురు. ఆ రాళ్లు కట్టను మోయుటకు కావు. తుపానుగాలికి అలలు లేచి మంటిని నాకివేయకుండుటకు అవి అడ్డము.

చెరువుకట్టకు చావు మూడు విధముల వచ్చును. ఎండ్రకాయల బొరియలు, ఎలుకల కలుగులు, ఎండిపోయిన చెట్ల వేళ్లు విడిచిన సందులు మొదలైన వాటివెంట నీరు సన్నగా కారుట మొదలుపెట్టి, మంటిని వెంటబెట్టుకొని పోవుచు సొరంగము చేయుట ఒకటి. ఏండ్ల తరబడి ఎండి పగిలిన కట్టలోనికి తొలివరదనీరు చొచ్చుట రెండవది. కరవు తరువాతి వాన కరవుకంటె ప్రమాదకరమని మా పెదనాయనగారి బావి నాకు నేర్పినదిదియే. మూడవది అన్నిటికంటె భయంకరము: నీరు కట్ట తలమీదుగా పొర్లుట. మంచి రాతి ఆనకట్ట మీదుగా నీరు పారినను అది నిలువవచ్చును. మట్టికట్టమీద జానెడు నీరు పొర్లినను వెనుకవైపు మన్ను కోసుకొనిపోయి, చూచుచుండగనే గండి పడును.

ఆ చావునుండి చెరువును కాపాడునది అలుగు. కొన్ని యెడల దీనిని కలుజు అనియు అందురు. కట్ట తలకంటె తగ్గుగా, గట్టి రాతినేల గలచోట కట్టిన పొర్లుదారి అది. చెరువు నిండగనే మిగులునీరు దానిమీదుగా పోవును. అలుగునకును కట్ట తలకును నడుమ నున్న ఎత్తే చెరువు ఆయువు. అలుగు పొడవైనకొలది నీరు పలుచగా, తక్కువ ఎత్తున పారును; పొట్టిదైనచో అదే నీరు ఎత్తుగా లేచి కట్ట తలను అందుకొనును. కావున చెరువు గొప్పతనమును చూడగోరినవాడు కట్టమీద నిలుచుండి నీటి వెడల్పును చూచి మురియుటకంటె, మొదట అలుగు దగ్గరకు పోయి దాని పొడవును చూడవలెను.

ఇక్కడ ఒక చిక్కున్నది. పాత చెరువుల అలుగులమీద కొన్నిచోట్ల వరుసగా నిలువురాళ్లు పాతియుండుట మీరు చూచియుందురు. వానలు వెనుకబట్టు కాలమున రైతులు ఆ రాళ్ల నడుమ గడ్డి, మన్ను కూరి చెరువులో మరి రెండడుగుల నీటిని నిలుపుదురు. ఆ రెండడుగులు చివరి తడికి పనికివచ్చును. కొన్ని యేండ్లలో అవియే పైరును గట్టెక్కించును. కాని తుపాను వచ్చు సూచన కనబడగనే ఆ మంటిని తీసివేయవలెను. తీయువాడెవడు? ఆయకట్టు చివరనున్నవాడు తీయవద్దనును. వానికి నీరు చాలదు. కట్టక్రింద ఇల్లున్నవాడు తీయుమనును. వానికి ప్రాణభయము. ఇద్దరును న్యాయమే చెప్పుచున్నారు. నీరుగంటి నడిరాత్రి లాంతరు పట్టుకొని పోయి ఆ మంటిని త్రవ్వివేసిన కథలు ప్రతి చెరువు క్రిందను వినవచ్చును. మరునాడు వాన పడనిచో వానికి దక్కునది తిట్లు.

మన పూర్వులు ఈ విషయమును ఊరక అనుభవముమీద విడువలేదు, వ్రాసిపెట్టిరి. గిద్దలూరునకు దక్షిణముగా, కడప జిల్లాలో పోరుమామిళ్ల యను ఊరున్నది. అక్కడ మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, అతనినే భవదూరుడందురు, ఉదయగిరినుండి పాలించుచు గొప్ప చెరువు త్రవ్వించెను. దానికి అనంతరాజసాగరమని పేరు. ఆ చెరువునకు సంబంధించిన శిలాశాసనము 1369 నాటిది. శాసనములు సామాన్యముగా దానములను, బిరుదులను చెప్పును. ఇది చెరువునెట్లు కట్టవలెనో కూడ చెప్పును. పనికి రెండేండ్లు పట్టెననియు, దినమునకు వేయిమంది కూలీలు పనిచేసిరనియు, రాళ్లు తోలుటకు నూరు బండ్లు పెట్టిరనియు అందులో నున్నది. కంభము చెరువుతోపాటు 2020లోనే ఇదియు అంతర్జాతీయ గుర్తింపు నొందినది.

మంచి చెరువునకు పండ్రెండు అంగములు వలయునని ఆ శాసనము చెప్పును. ధర్మబుద్ధియు ధనమును గల ప్రభువు మొదటివాడు. రెండవది జలశాస్త్రము నెరిగిన విద్వాంసుడు. చివరిది పని నేర్చిన మేస్త్రీల గుంపు. నడుమనున్నవన్నియు నేలను, నీటిని గూర్చినవి: గట్టి బంకనేల, తియ్యని నీటి నది, నదికి తగులుచున్న కొండలు, ఆ కొండల నడుమ మరీ పొడవుగాని గట్టి రాతికట్ట, విశాలమై లోతుగల గర్భము, పొడవాటి తిన్నని రాళ్లు దొరకు గని, క్రింద చదునైన సారవంతమగు పొలము, ఇట్టివి. కంభమువద్ద కట్ట వేసినవారు ఈ శాసనమును చదివిరో లేదో గాని, వారు ఎన్నుకొన్న చోటు దీనికి బొమ్మవలె సరిపోయినది. పొడవు తక్కువయైన కట్టకు కాపలా సులభము, గండి పడు చోట్లును తక్కువ.

నాకు మరింత ఇష్టమైనవి ఆ శాసనము చెప్పిన ఆరు దోషములు. కట్టనుండి నీరు కారుట, ఉప్పునేల, రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుట, గర్భము నడుమ తాబేటి వీపువలె మెట్ట యుండుట. ఇవి నాలుగు. మూడవ దోషమును చదివినప్పుడు నాకు నవ్వు వచ్చినది. నేడు రెండు రాష్ట్రముల నడుమ పారు నదులపై నడచుచున్న వ్యాజ్యములను తలచుకొన్న మీకును రాక మానదు. ఐదవదియు ఆరవదియు ఒకదానికొకటి ఎదురెదురుగా నిలిచినవి: నీరు కొంచెము, తడుపవలసిన నేల విస్తారము; చోటు కొంచెము, వచ్చు నీరు విస్తారము. మొదటిదానివలన పైరెండును, రెండవదానివలన కట్ట తెగును. ఆరున్నర శతాబ్దములకు పూర్వము వ్రాసినవాడు అనావృష్టిని అతివృష్టిని ఒకే కట్టడమున రెండు దోషములుగా ప్రక్కప్రక్కన నిలిపెను. చోటు కొంచెమై నీరు హెచ్చైనప్పుడు ఏమగునో ఆ జిల్లాయే మన కాలమున చూచినది.

2021 నవంబరు 19 తెల్లవారుజామున, కడప జిల్లాలో చెయ్యేరుపై రాజంపేట సమీపముననున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకొనిపోయినది. అల్పపీడనమువలన ఎడతెగని వానలు కురిసెను. ఎగువనున్న పింఛా ప్రాజెక్టునుండి వరద విరుచుకొనిపడెను. ఐదు తలుపులలో ఒకటి లేవలేదు. వచ్చిన నీరు విడువగల నీటిని మించెను, కట్టమీదుగా పొర్లెను. దిగువనున్న పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట మొదలైన ఊళ్లలో పలువురు మరణించిరి. కార్తికమాసమగుటచే శివాలయమునకు చేరిన భక్తులు కొందరు ఆ వరదలో చిక్కుకొనిరి. ఆ వార్తను చదివిన దినమున నాకు అన్నము సహించలేదు. చెరువుకడ నీరుగంటి చేతిలోని గునపము ఏ పని చేయునో, ప్రాజెక్టుకడ ఇనుపతలుపు ఆ పనియే చేయవలెను. ఆ రాత్రి ఒక తలుపు ఆ పని చేయలేదు.

గుండ్లకమ్మ మీదనే దిగువన, మద్దిపాడు మండలము మల్లవరమువద్ద కట్టిన జలాశయమున 2022 ఆగస్టు నెలాఖరున ఒక తలుపును, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను తరువాత మరియొక తలుపును కొట్టుకొనిపోయినవి. అక్కడ కట్ట తెగలేదు గాని, నిలువ చేసిన నీరు చాలవరకు సముద్రము పాలయ్యెను. తలుపు తెరచుకొనకపోయినను ముప్పే, మూతపడకపోయినను ముప్పే. తలుపుతో పోల్చినప్పుడు అలుగు తెలివిలేని కట్టడమువలె కనబడును. కాని దానికి తుప్పు పట్టదు. దానికి కరెంటు అక్కరలేదు. నడిరాత్రి దానిని లేపుటకు మనుష్యుడును అక్కరలేదు. పెద్ద నదులకు తలుపులు లేక తప్పదని ఇంజనీర్లు చెప్పుదురు, అది నిజమే. తలుపులతోపాటు తలుపులేని పొర్లుదారి కొంతయైన ఉండుట మేలని నా వంటివాని తలంపు.

కరవు వైపునకు మరల వత్తము. కంభము చెరువు వంటిది సయితము వానలు తప్పినచో ఎండిపోవును. చదరపు కిలోమీటరు నీటిపై ఒక సెంటీమీటరు ఆవిరియైనచో పోవునది కోటి లీటర్లు. దీనికి విరుగుడు లోతు. ఒకే నీరు పలుచగా పరచుకొన్నప్పటికంటె లోతుగా నిలిచినప్పుడు ఎండకు తక్కువ దొరకును. శాసనము గర్భము లోతుగా నుండవలెనని చెప్పుటకు కారణము ఇందును కలదు. ప్రతి వరదయు నీటితోపాటు ఒండ్రును తెచ్చును. పూడిక పడినకొలది చెరువు పలుచబడును, త్వరగా నిండును, త్వరగా పొర్లును, త్వరగా ఎండును. పూర్వము వేసవిలో రైతులు చెరువు ఒండ్రును బండ్లతో తోలుకొని పొలమునకు ఎరువుగా చల్లెడివారు. పొలమునకు బలము, చెరువునకు లోతు. రసాయనపు ఎరువులు వచ్చిన తరువాత ఆ బండ్లు తగ్గినవి.

వానమీదనే ఆధారపడుట చాలదని తలచి, శ్రీశైలము వద్దనుండి కృష్ణనీటిని నల్లమలలోగుండ సొరంగములు తొలిచి ఈ ప్రాంతమునకు తెచ్చు వెలిగొండ ప్రాజెక్టును తలపెట్టిరి. మార్కాపురము ప్రాంతపు ప్రజానాయకుడు పూల సుబ్బయ్యగారి పేరు దానికి పెట్టిరి. 1996లో గొట్టిపడియ వద్ద శంకుస్థాపన జరిగినది. కొల్లమువాగు వద్ద మొదలగు రెండు సొరంగములలో ఒక్కొక్కటి పొడవు 18 కిలోమీటర్లకు పైన.

సొరంగమునే అందరును చెప్పుకొందురు. నేను చూడబోయినది ఆ నీరు నిలుచు చోటు. దానికి నల్లమల సాగరమని పేరు. కొండలే మూడువంతులు గట్టుగా నుండగా, వాటి నడుమ సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల యను మూడు సందులు మాత్రము మిగిలినవి. ఆ మూడు సందులకు అడ్డముగా మూడు కట్టలు వేసిరి. గొట్టిపడియ సందువద్ద నిలిచి ఇరువైపుల కొండలను చూచినప్పుడు నాకు కంభము జ్ఞప్తికి వచ్చినది. పోరుమామిళ్ల శాసనమును జ్ఞప్తికి వచ్చినది. నాతో వచ్చిన మనుమడు కట్ట ఎత్తును కొలుచుచుండెను. నేనేమో నీరు పొర్లినచో ఎటు పోవునని కాపలాదారుని అడిగితిని. అతడు చేయెత్తి చూపిన వైపునకు మేమిద్దరము నడచితిమి.